మామ ముఖానికి ఒక కత్తి

మా ఆఫీసులో ఏ మీటింగయినా మంగళవారమే పెడతారు. సోమవారం అందరూ మెయిళ్ళు చదువుకోవాలి, బుధవారం నుంచి పని చేయాలి, మధ్యలో ఎవరికీ పనికిరాకుండా మిగిలింది మంగళవారం. పదింటికి మొదలై, కాఫీకి ఆగి, మళ్ళీ మొదలై, పోయిన వారం ఏం అనుకున్నామో అదే మళ్ళీ అనుకొని లేస్తాం. ఇరవై ఏళ్ళకు పైగా నాకు దీని మీద ఫిర్యాదు ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే, మంగళవారంతో నీకేం పని అని అడుగుతారు. దానికి జవాబు చెప్పాలంటే ఈ కథంతా చెప్పాలి. కాఫీ విరామంలో అంత వ్యవధి ఉండదు.

పోయిన నెల దేవనహళ్ళి విమానాశ్రయానికి పోతుంటే, పెద్ద రోడ్డు ఆగిపోయిందని డ్రైవరు కారును యలహంక పాత ఊళ్ళోకి తిప్పాడు. అక్కడ వీధి వెడల్పు చేస్తున్నారు. మునెప్ప మామ అంగడి ఉన్న వరసను సగానికి కోసేశారు. అంగడి ముందు భాగం లేదు. వెనక గోడ మాత్రం మిగిలింది, దాని మీద రెండు అద్దాలు ఉండిన చోట రెండు చతురస్రాలు, చుట్టూ మాసిన పచ్చరంగు. కారు అక్కడే ఆగింది, ముందు లారీ అడ్డం. "తెలిసిన జాగానా సార్?" అన్నాడు డ్రైవరు. "ఇక్కడ గడ్డం గీయించుకునేవాణ్ణి" అన్నాను. అది అబద్ధం. నేనక్కడ ఎన్నడూ గీయించుకోలేదు. ఆ గోడ వెనక పెరట్లో గీశాను. అదీ ఒక్కటే ముఖం.

నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకొని వాళ్ళన్న మునెప్ప ఇంటికి వచ్చేసింది. మామ, అత్త, వాళ్ళ కూతురు రత్న. రత్న నాకన్నా ఆరేళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకన్నా పెద్దది. ఇల్లు అంగడి వెనకే. ఒక తలుపు తీస్తే అంగడి, ఇంకో తలుపు తీస్తే వంటిల్లు. పటిక, తడి సబ్బు, పౌడరు వాసన ఇటునుంచి, ఉడుకుతున్న సంగటి వాసన అటునుంచి వచ్చి నడుమ గదిలో, నేను చదువుకునే చోట, కలుసుకునేవి. ఇప్పటికీ ఎక్కడైనా రాగిసంగటి వాసన వస్తే నా చెయ్యి తనంతట తానే గడ్డం మీదికి పోతుంది. కాలేజీలో మీ మామ ఏం చేస్తాడని అడిగితే "సొంత వ్యాపారం" అనేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. నిజం కూడా అంతగా లేదు.

అంగట్లో రెండు కుర్చీలు. ఒకటి మామది, రెండోది హనుమంతప్పది. హనుమంతప్ప ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, కోపం వస్తే మళ్ళీ కన్నడం. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే మేస్త్రీ దగ్గర చెయ్యి తిప్పడం నేర్చుకున్నవాళ్ళు. ఊళ్ళో సెలూన్లన్నిటికీ మంగళవారం సెలవు. ఆ రోజు పొద్దున హనుమంతప్ప తన కత్తిని తువ్వాల్లో చుట్టుకొని పెరటి దారిన వచ్చేవాడు. అత్త అప్పటికే బట్టల దండెం కింద చెక్క కుర్చీ వేసి, రాగి చెంబులో వేడినీళ్ళు పెట్టి ఉండేది. ఆయన మామకు గీసేవాడు, తరవాత మామ ఆయనకు గీసేవాడు. ఎవరి కత్తి వాళ్ళ ముఖానికి తగలకూడదనేది వాళ్ళ పద్ధతి. ఎందుకని ఒకసారి అడిగాను. "తగలగూడదంటే తగలగూడదు. నీ బీకామ్‌లో అన్నిటికీ కారణాలుండాయా?" అన్నాడు మామ. లేవు. అందుకని ఊరుకున్నాను.

"గొంతు కదిలీవద్దు మునెప్పా. కత్తి ఆడ్నే ఉండాది."

"వారమంతా గిరాకీలు మాట్లాడింది విన్నాను గదప్పా. ఒక్క దినం నేను మాట్లాడొద్దా?"

"మాట్లాడు. తెగితే నీ పెండ్లాం నన్ను తిడతాది."

"తిట్టనీ. నన్ను తిట్టేది కొంచెం తగ్గుతాది."

"సుమ్నిరు మారాయా!" అని హనుమంతప్ప కన్నడంలో కసిరేవాడు, మామ గమ్మునైపోయేవాడు. గమ్మునై, కళ్ళు మూసుకునేవాడు. ఆరు రోజులు ఊరి ముఖాలన్నీ ఆయన చేతుల్లో తిరిగేవి. ఆయన ముఖాన్ని ఇంకొకరు ముట్టుకునేది ఆ పావుగంటే. మామ కూర్చొని కళ్ళు మూసుకోవడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. సినిమాకు పోయినా కళ్ళు విప్పార్చుకొని, తెర మీద హీరోకు మీసం ఎవరు దిద్దారా అని చూసే మనిషి.

హనుమంతప్ప ఒక శనివారం మధ్యాహ్నం గిరాకీ బుగ్గలకు సబ్బు పూసి, బ్రష్షు గిన్నెలో నిలబెట్టి, గోడ పట్టుకొని కింద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. సగం నురగతో వీధిలోకి పరుగెత్తిన ఆ గిరాకీ ముఖం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. హనుమంతప్ప ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే కష్టపడాలి. జ్ఞాపకం ఎవర్ని దాచుకోవాలో నన్నడిగి దాచుకోదు. ఆయన కత్తిని ఆయన కొడుకు తీసుకుపోయాడు.

తరవాతి మంగళవారం అత్త అలవాటు కొద్దీ కుర్చీ వేసింది, నీళ్ళు పెట్టింది. మామ వచ్చి కూర్చున్నాడు. నీళ్ళు చల్లారాక లేచి లోపలికి పోయాడు. రెండో మంగళవారమూ అంతే. మూడోసారి అత్త ఉండబట్టలేక, "యాడన్నా అంగట్లో గీయించుకోని రాగూడదా?" అంది. మామ ఆమె వైపు చూసిన చూపుకు ఆమె చెంబు తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. అంగట్లో రెండో కుర్చీకి ఒక జీతగాణ్ణి పెట్టుకున్నాడు గానీ, వాడి చేత గీయించుకుంటే పని చెప్పినట్టవుతుంది. ఇంకొకరి అంగట్లో కూర్చుంటే గిరాకీ అవుతాడు. ఆయనకు కావలసింది ఆ రెండూ కాని మనిషి. నెల తిరిగేసరికి ఆయన బుగ్గల మీద బూడిద రంగు వెంట్రుకలు మొలిచి, అంగట్లో ఆయన వెనక నిలబడితే అద్దంలో ఎవరో వేరే మనిషి కనిపించేవాడు. ఒక రాత్రి అన్నం దగ్గర, "రేపు కాలేజీకి పోవద్దు సీనా. నీకు కత్తి ఎంచేదుండాది" అన్నాడు. నా ముఖం మీద అప్పటికి గీయదగ్గదేమీ లేదు. ఆ సంగతి మామకూ తెలుసు.

సిటీ మార్కెట్ వెనక సందులో ఒక సాయిబు అంగడి ఉండేది. పాత కత్తెరలు, ఇత్తడి గిన్నెలు, ఒక చెక్కపెట్టె నిండా మడిచే కత్తులు. సాయిబుకు కళ్ళద్దాల్లో ఒక వైపు అద్దం లేదు. "నువ్వే ఎంచు. ముఖం నాది గానీ చెయ్యి నీది" అన్నాడు మామ. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి అన్నిటికన్నా మెరిసేదాన్ని ఎంచాను. తెల్లటి పిడి, అలుగు మీద బంగారు అక్షరాలు. మామ దాన్ని తెరిచి, నా చెవి దగ్గర పెట్టి, బొటనవేలి గోరుతో అలుగును మీటాడు. టప్‌మంది.

"విన్నావా? దీంతో బటాణీలు ఒలుచుకోవచ్చు."

"ఫారిన్ మాల్ మునెప్పా!" అన్నాడు సాయిబు నొచ్చుకొని.

"అయితే అయ్యుంటాది భాయ్. ఆ దేశంలో గడ్డాలు మెత్తగుంటాయేమో."

రెండోది బాగానే మోగింది. మడిస్తే మాత్రం అలుగు పిడి మధ్యలో దిగకుండా ఒక పక్కకు ఒరిసింది. "చీల వంకర. వాదర, ఈ పదునంచు, రోజూ పిడి గోడకు గుద్దుకుంటాది" అని పక్కన పెట్టాడు. అట్లా ఒక్కొక్కటీ పక్కన పెట్టి, పెట్టెలో అడుగున నల్ల కొమ్ము పిడితో మచ్చలు మచ్చలుగా ఉన్న ఒకటి మిగిలేదాకా నా చేతే ఎంచించాడు. దాన్ని మీటితే పక్కింట్లో ఎవరో గంట కొట్టినట్టు మోగి, చాలాసేపటికి గాని ఆగలేదు. "మంచిది ఎంచినావు" అన్నాడు. నాకు డిగ్రీ ఇచ్చినవాళ్ళు కూడా తరవాత ఆ మాట అనలేదు.

కత్తిని కొనడం ఒక పూట పని, దాన్ని బతికించుకోవడం ఆగని పని అని ఆ వారంలో తెలిసింది. నీళ్ళు దానికి విషం. గీయడం అయిన వెంటనే తుడిచి, చీల దగ్గర చెమ్మ లేకుండా ఊది, ఒక చుక్క ఆముదం పాత పంచె గుడ్డతో రాయాలి. వాన రోజుల్లో రెండు చుక్కలు. తలుపుకు వేలాడే తోలుపట్టా మీద రుద్దేటప్పుడు వెన్ను ముందు పోవాలి, వాదర వెనక రావాలి. నేను మొదటి రోజే తిరగేసి లాగి మామ తాతగారి నాటి పట్టాకు అడ్డంగా ఒక గాటు పెట్టాను. మామ ఆ గాటును వేలితో తడిమి, పట్టాను తలకిందులుగా తగిలించాడు. నూరడం మాత్రం ఆయనే పక్కన కూర్చొని నేర్పాడు. "రాయి కదలగూడదు, చెయ్యే కదలాల. తిరిగే సాన దగ్గరికి దీన్ని తీసుకుపోవద్దు. వాదర ఈగ రెక్కంత పల్చగుంటాది. చక్రం తిరిగితే కాల్తాది. కాల్తే సచ్చిపోతాది." పరీక్షలో అడిగుంటే పదికి పది మార్కులు తెచ్చుకునేవాణ్ణి.

చెయ్యి కుదరడానికి నన్ను లేత బూడిదగుమ్మడికాయల మీదికి వదిలారు. లేతకాయ నిండా గరుకు నూగు ఉంటుంది. సబ్బు పూసి, తోలు మీద గీత పడకుండా నూగంతా తీయాలి. రెండు నెలలు మా ఇంట్లో గుమ్మడికాయ తప్ప ఇంకో కూర లేదు. నురగ సరిగ్గా కడగని రోజున పులుసు కూడా ఆ వాసనే. "కాయలు బాగానే ఉండాయి, నువ్వింక మా నాయన్ని మొదలుపెట్టు బావా. నాకు కడుపులో తిప్పుతాది" అంది రత్న.

ఆ మంగళవారం మామ చెక్క కుర్చీలో కూర్చొని, కళ్ళు తెరుచుకొని, ఉరి తీసేవాడి వైపు చూసినట్టు మర్యాదగా నా వైపు చూశాడు. బుగ్గలు బాగానే అయ్యాయి. గడ్డం కింద మలుపు దగ్గర కత్తి జారింది.

"రక్తం మామా."

"తెలుసులే. నా గొంతే గదా."

"నాయనా, బావ నిన్ను కోస్తావుండాడు!" అని గడప మీద నుంచి రత్న అరిచింది.

"గమ్మునుండు. కోసేదాంట్లో గూడా చెయ్యి తేలిగ్గా ఉండాది" అన్నాడు మామ, పటిక కోసం చెయ్యి చాస్తూ.

ఆరు నెలల తరవాత ఒక మంగళవారం, ఎడమ బుగ్గ సగంలో ఉండగా, ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ తరవాత ఆఫీసులో నాకు నాలుగు ప్రమోషన్లు వచ్చాయి. అన్నిటికీ ఉత్తరాలిచ్చారు. దీనికి ఏమీ ఇవ్వలేదు. మిగిలిన సగం బుగ్గను ఆ రోజు రెట్టింపు నిదానంగా గీశాను.

ఆ ఏళ్ళలోనే గిరాకీలు మనిషికొక కొత్త బ్లేడు కావాలనడం మొదలుపెట్టారు. రోగాల భయం. వాళ్ళ భయంలో తప్పు లేదు. మామ సగం బ్లేడు విరిచి బిగించే పరికరాలు రెండు తెచ్చాడు. దానికి నూరడం లేదు, తోలు లేదు, ఆముదం లేదు. విరిచి, గీసి, పారేయడమే. మామ తన కత్తుల్ని పంచె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ముప్ఫై ఏళ్ళు నేర్చుకున్నదంతా ఇక నల్ల పిడి కత్తిలో, వారానికోసారి తన ముఖం మీద, నా చేతుల్లో మిగిలింది. ఇంత సంగతి నాకు అప్పుడు తెలిసిందని చెప్పుకోను. అప్పుడు నేను ఉద్యోగం వెతుక్కుంటున్నాను.

ఉద్యోగం బెళ్ళందూరులో దొరికింది. యలహంక నుంచి రెండు బస్సులు మారి, ఒక్కోసారి మూడు. ఆర్నెల్లకు ఆఫీసు పక్కనే గది తీసుకున్నాను. నల్ల పిడి కత్తి నాతోనే వచ్చింది. ఎవరి కత్తిని వాళ్ళే చూసుకోవాలి గదా. ఆదివారాలు వస్తానన్నాను. ఆదివారం అంగట్లో కూర్చోవడానికి చోటుండదని మామ గుర్తుచేశాడు. మంగళవారాలు మీటింగులు. మొదట్లో పొద్దున్నే బస్సెక్కి, గీసి, పదింటి మీటింగుకు పదకొండుకు చేరేవాణ్ణి. తరవాత నెలకు రెండుసార్లు, తరవాత నెలకోసారి. ఎన్నాళ్ళకు పోయినా పెరట్లో కుర్చీ వేసి ఉండేది. ఒక్కసారి కూడా ఎందుకు రాలేదని ఆయన అడగలేదు. అడగలేదు కాబట్టి అవసరం లేదేమో అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

రత్నకు పెళ్ళి కుదిరింది. అత్త ఫోన్ చేసి, "పెండ్లికి ముందు మంగళవారం వచ్చేయప్పా. మీ మామ రెండు నెలల గడ్డంతో ఉండాడు" అంది. బీరువా అడుగున కత్తి కోసం వెతికాను. ఆ ఏడు వానాకాలమంతా దాన్ని ఒక తువ్వాల్లో చుట్టి మరిచిపోయాను. ఆ తువ్వాలు తడిదని ఇప్పుడు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. వాదర పొడవునా ఎర్రటి చుక్కలు. రాయి మీద నూరాలంటే రెండు మూడు రోజులు పట్టేది. ఆ సాయంత్రమే కిటికీ కింద సాన పట్టేవాడి కేక వినిపించింది. ఆ అపార్ట్‌మెంట్ల కూరగాయల కత్తులన్నీ వాడే పట్టేవాడు. నేను దిగిపోయి కత్తి వాడి చేతికిచ్చాను. వాడు దాన్ని తిప్పి చూసి, "ఇది పట్టొచ్చా సార్?" అని అడిగాడు. తెలియనివాడికి అనుమానం వచ్చింది. తెలిసినవాడు పట్టమన్నాడు. నిప్పురవ్వలు లేచాయి. ఎరుపంతా పోయింది. వాదర వెంబడి నెమలి మెడ లాగా సన్నటి నీలి చార మెరిసింది. అది చూసి నాకు ముచ్చటేసింది.

మంగళవారం మామ ముఖానికి సబ్బు పూసి కత్తి తెరిచాను. ఆయన చెయ్యి పైకెత్తి ఆపాడు. కత్తి తీసుకొని ఎండలో పట్టి ఆ నీలి చార చూశాడు. గోరుతో మీటాడు. అది మాట్లాడలేదు.

"కాల్చినావా సీనా?"

"తుప్పు పట్టింది మామా. టైము లేక..."

"ఊ."

"అంగట్లో బ్లేడు పరికరం తెస్తాను. అయిదు నిమిషాల్లో..."

"అది గిరాకీలకి."

నురగ ఆయన బుగ్గల మీదే ఆరిపోయింది. ఆయనే లేచి కడుక్కున్నాడు. "ఇంకొకటి కొందాం మామా, ఈ ఆదివారమే" అన్నాను. "ఆ, కొందాంలే. దీన్ని ఈడ్నే పెట్టిపో" అన్నాడు. పెళ్ళిపందిట్లో అల్లుడి కాళ్ళు కడిగిన మామకు నెరిసిన గడ్డం ఉంది. వచ్చినవాళ్ళంతా అడిగారు. "తిరుపతికి మొక్కుకున్నాను" అని అందరికీ ఒకటే చెప్పాడు. నా ముందు కూడా అదే చెప్పాడు, నా ముఖం వైపు చూడకుండా. పెళ్ళి ఫోటోల్లో ఎక్కడ చూసినా ఆ గడ్డమే.

ఒకసారి సాయిబు అంగడికి పోయాను. అక్కడ మొబైల్ ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. ఇంకెక్కడా వెతకలేదు. పెళ్ళి తరవాత మూడేళ్ళూ పండగలకూ పబ్బాలకూ యలహంక పోతూనే ఉన్నాను. గడ్డం పెరుగుతూనే ఉంది. నాకు వచ్చిన విద్య జోకు కాబట్టి, "ఏం మామా, సన్యాసం ఎప్పుడు?" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. ఆయన నవ్వాడు కాబట్టి మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో జోకు తెచ్చేవాణ్ణి.

అయిదు రోజుల జ్వరంతో మామ పోయాడు. ఊరి గడ్డాలన్నీ గీసిన మనిషి ఛాతీ దాకా పెరిగిన గడ్డంతో పోయాడు. ఆయనకు కొడుకులు లేరు కాబట్టి నేనే తలకొరివి పెట్టాను. నాకు గుండు గీసినతను సగం బ్లేడుతో నాలుగు నిమిషాల్లో పని ముగించి, ఆ బ్లేడు ముక్కను గడ్డిలోకి విసిరేశాడు.

కర్మ ముగిసిన మధ్యాహ్నం రత్న నన్ను పెరట్లోకి పిలిచి ఒక గుడ్డ మూట చేతిలో పెట్టింది. పాత పంచె గుడ్డ. విప్పితే ఆముదం వాసన. నల్ల కొమ్ము పిడి. అలుగు మాత్రం సగం కూడా లేదు. బొటనవేలి వెడల్పున ఉండింది, చిటికెనవేలి గోరంత అయింది. నీలి చార ఎక్కడా లేదు. మీటాను. పాత గంటే, ఇంకొంచెం సన్నటి గొంతుతో. ముంజేతి మీద ఆనిస్తే వెంట్రుకలు ఎప్పుడు రాలాయో కూడా తెలియలేదు.

"కాలిందంతా అరిగిపోయేదాకా నూరినాడు" అంది రత్న. "రాయి మీద, చేత్తోనే. ప్రతి మంగళవారం పొద్దున కూచునేవాడు. రెండేండ్లు పట్టె. పోయిన ఉగాదికి కత్తి సరయిపోయిండె. అప్పట్నుంచి మంగళవారం వస్తే కుర్చీ ఎయ్యమనేవాడు, అమ్మ నీళ్ళు పెడతానే ఉండె."

నేను కత్తి మడిచాను. అలుగు సరిగ్గా పిడి మధ్యలో దిగింది.

"ఒక్క మాట చెప్పుంటే వచ్చేవాణ్ణి గదా రత్నా. నువ్వయినా ఫోన్ చెయ్యాల్సింది."

"చెప్పేదేముండాది బావా? గడ్డం ఆయన ముఖం మీదనే ఉండె. నువ్వు చూసి, నవ్వి, పోతివి."